మేత్రాణులవారి చెంపదెబ్బ

కెనడాలో టొరంటో దగ్గరి ఏజాక్స్‌లో ఉన్న తెలుగు కథోలికుల్లో ఫిలోమినమ్మ చెంపదెబ్బ కథ విననివాళ్ళు ఎవరైనా ఉన్నారంటే, వాళ్ళు నిన్నో మొన్నో విమానం దిగినవాళ్ళయి ఉండాలి. అలాంటివాళ్ళు దొరికితే ఆవిడకు పండగే. ఆదివారం పూజ అయ్యాక గుడి హాల్లో కాఫీ కప్పు చేతికిచ్చి, పారిపోవడానికి వీల్లేకుండా గోడవైపు నిలబెట్టి, మొదటినుంచీ చెబుతుంది.

కథ నరసరావుపేట దగ్గర ఒక పల్లెలో మొదలవుతుంది. ఫిలోమినమ్మ తాతగారు చిన్నప్ప ఆ ఊరి ఉపదేశి. ఉపదేశి అంటే ఫాదర్‌గారు రాని రోజుల్లో ఊరిని ప్రార్థనకు పోగుచేసి, పిల్లలకు జపాలూ సత్యోపదేశమూ నేర్పే పెద్దమనిషి. సత్యోపదేశం అంటే ప్రశ్నా జవాబూ. ప్రశ్న ఆయన అడుగుతాడు, జవాబు పిల్లలు చెప్పాలి. జవాబు తడబడితే చింతబరికె మాట్లాడుతుంది. పిల్లలు ప్రశ్న అడగడమనేది ఆ పద్ధతిలో లేనే లేదు. అడిగితే ఏమయ్యేదో ఎవరికీ తెలీదు, ఎవరూ అడగలేదు గనక.

ఫిలోమినకు పదేళ్ళప్పుడు ఆ ఊళ్ళో భద్రమైన అభ్యంగనం జరిగింది. ఇక్కడి పిల్లలు కన్ఫర్మేషన్ అంటున్నది దాన్నే. బాప్తిస్మంలో తల్లిదండ్రులు బిడ్డ తరఫున ఒప్పుకున్న విశ్వాసాన్ని, పెద్దయ్యాక బిడ్డ తన నోటితో తానే ఒప్పుకోవడం. అందుకోసం మేత్రాణులవారు, అంటే బిషప్‌గారు, స్వయంగా వచ్చారు. తాటాకు పందిరి వేశారు, డప్పులు పెట్టారు. మేత్రాణులవారు వరసలో నిలబడ్డ పిల్లల్లో ఫిలోమినవైపు వేలు చూపించి, పవిత్రాత్మ వరాలు ఎన్ని అని అడిగారు.

మామూలు పిల్లయితే ఏడు అని ఊరుకునేది. ఈవిడ ఏడు అని, ఆ ఏడింటి పేర్లూ చెప్పి, పుస్తకంలో దాని తరవాత ఇంకో ప్రశ్న ఉంటుంది గనక దాన్ని కూడా తనే అడిగేసుకుని, దానికీ జవాబు చెప్పి, అలా సాగిపోయింది. తాతగారు దూరం నుంచి ఆపమని చెయ్యి ఊపారు. కానివ్వమంటున్నారనుకుంది. చివరికి మేత్రాణులవారు నుదుట తైలం పూసి, చెంప మీద ఒక దెబ్బ వేశారు.

ఆ దెబ్బ అప్పట్లో ఆనవాయితీ. విశ్వాసం కోసం కష్టాలు వస్తే ఓర్చుకోవాలని గుర్తుగా ప్రతి పిల్లకీ చెంపమీద అలా తాకిస్తారు. రోములో దాన్ని అప్పటికే ఎత్తేశారట గానీ, ఆ కబురు నరసరావుపేట బస్సు ఎక్కడానికి ఇంకా టైముంది. మిగతా పిల్లలకు దోమను తోలినట్టు తగిలింది. ఫిలోమినకు మాత్రం మూడో వరుసలో కూర్చున్నవాళ్ళకు వినబడేలా తగిలింది.

"నా విశ్వాసం గట్టిదని ఆయనకు అర్థమైపోయింది, అందుకే గట్టిగా వేశారు," అని ఆవిడ కథ ముగిస్తుంది. సరిగ్గా అక్కడ ఆవిడ భర్త బాలశౌరికి దగ్గు వస్తుంది. పెళ్ళయినప్పటినుంచీ ఆ ఒక్కచోటే వస్తుంది. పక్క ఊరు ఒషావాలో కారు సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో పని చేసి రిటైరైన మనిషి, మాటలు తక్కువ, దగ్గు మాత్రం వేళకు తప్పదు.

ఫిలోమినమ్మ గుంటూరులో ఒక కాన్వెంటు బళ్ళో తెలుగు టీచరుగా చేసింది. కూతురు స్పందన కాన్పుకని కెనడా వచ్చి, పుట్టిన మనవరాలు వర్షను ఎత్తుకుని, దించడం మరిచిపోయి ఇక్కడే ఉండిపోయింది. వర్షకు ఇప్పుడు పదమూడేళ్ళు. స్పందన ఐటీ ఉద్యోగానికి పొద్దున్నే టొరంటో రైలెక్కుతుంది గనక, పిల్లకు అన్నమూ, తలకు నూనే, మరియమ్మ తల్లిని పిలిచే మంగళవార్త జపమూ అన్నీ అమ్మమ్మ చేతిమీదుగానే జరిగాయి.

కిందటి అక్టోబరులో కన్ఫర్మేషన్ క్లాసు చెప్పే ఆవిడ మాంట్రియల్ వెళ్ళిపోయింది. ఆ క్లాసులు చూసుకునే మారిసెల్ అనే ఫిలిప్పీన్స్ ఆవిడ, ఎవరైనా తెలిసినవాళ్ళుంటే చెప్పమని కాఫీ దగ్గర ఫిలోమినమ్మను అడిగింది. ఆవిడ వాక్యం పూర్తి చేసేసరికి ఫిలోమినమ్మ ఒప్పేసుకుంది.

తరవాత గానీ తెలియలేదు, జపాలు నేర్పడానికి ఈ దేశంలో పోలీసుల దగ్గర సర్టిఫికెట్ తేవాలని. ఫిలోమినమ్మ నివ్వెరపోయింది. తాతగారి చేతిలో చింతబరికె ఉండగా ఎవరూ అడగని కాగితం, ఉత్త చేతులతో ఉన్న తనను అడుగుతున్నారు. అయినా వెళ్ళి తెచ్చుకుంది. తన మీద ఏ కేసూ లేదని పోలీసులు రాసిచ్చిన కాగితాన్ని చాన్నాళ్ళు వచ్చినవాళ్ళందరికీ చూపించింది.

మారిసెల్ ఆవిడను కూర్చోబెట్టి గోల్స్ చెప్పింది. ఈ వయసు పిల్లలు దేవుణ్ణి సొంతంగా తెలుసుకోవాలి. భయం లేకుండా ప్రశ్నలు అడగాలి. నలుగురికీ సాయపడే పని చెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం, కన్ఫర్మేషన్ తీసుకోవాలా వద్దా అన్నది పిల్లలు తమంతట తామే తేల్చుకోవాలి, ఎవరూ తొయ్యకూడదు. ఫిలోమినమ్మ అన్నిటికీ తలూపింది. ఆవిడకు అదంతా విస్తరి నిండా పచ్చళ్ళు వడ్డించి అన్నం మరిచిపోయినట్టు అనిపించింది. ఆవిడ గోల్ ఒక్కటే. బిషప్‌గారు అడిగితే పిల్లలు తడుముకోకూడదు.

గుడి బేస్‌మెంట్‌లో గుండ్రంగా వేసి ఉన్న కుర్చీలను మొదటి శనివారమే వరసల్లోకి మార్చింది. గోవా పిల్లలు, తమిళ పిల్లలు, నైజీరియా పిల్లలు, ఫిలిప్పీన్స్ పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆడపిల్లలొక జట్టు, మగపిల్లలొక జట్టు అంది. ప్రశ్న వెయ్యగానే జవాబు రావాలి, గెలిచిన జట్టుకు చేగోడీలు అంది. చేగోడీ అంటే ఏమిటో తెలియక మొదటి వారం ఓడిపోయినవాళ్ళు, రెండో వారానికి పవిత్రాత్మ వరాలను అటునుంచి ఇటూ ఇటునుంచి అటూ ఒప్పజెప్పారు.

మారిసెల్ తలుపు దగ్గర నిలబడి విని, చాలా బావుంది గానీ పిల్లల మనసుల్లో ఏముందో కూడా కాస్త అడగమంది. ఫిలోమినమ్మ మరుసటి వారం అడిగింది. ఒకడు హాకీ అన్నాడు, ఇంకొకడు చేగోడీలు అన్నాడు. ఆ విషయం అంతటితో తేలిపోయిందని ఆవిడ మళ్ళీ ప్రశ్నల్లోకి దిగింది.

చిక్కల్లా చివరి వరుసలో ఉంది. అక్కడ వర్ష కూర్చునేది. ఆ క్లాసులో ఉన్న జవాబులన్నీ దానికి ఉయ్యాల్లోనే వచ్చు. అయినా నోరు విప్పేది కాదు. అది ఉన్న జట్టు ఓడిపోతున్నా విప్పేది కాదు.

క్రిస్మస్ అయిన కొన్నాళ్ళకు ఒక పొద్దున దోశ తింటూ, తను కన్ఫర్మేషన్ తీసుకోనని చెప్పింది. అల్లంపచ్చడి ఇంకాస్త వెయ్యమన్నంత మామూలుగా చెప్పింది. ఎందుకే అంటే, "ఐయామ్ నాట్ ష్యూర్, అమ్మమ్మా," అంది.

ఫిలోమినమ్మ చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది, పెనం మీద దోశ మాడింది. ష్యూర్ ఏమిటి? టీకాలు వేయించేటప్పుడు ష్యూరా అని అడిగి వేయించామా? స్పందనను పిలిచింది. స్పందన లాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే, అది దాని ఇష్టమమ్మా అంది. మారిసెల్‌కు ఫోన్ చేస్తే, అది కూడా మన గోల్స్‌లో ఉన్నదే కదా అని గుర్తు చేసింది. బాలశౌరివైపు చూసింది. ఆయన మాడిన దోశ తన పళ్ళెంలో వేసుకుని తిన్నాడు, అంతే.

ఆ రోజంతా ఆవిడకు ఏ పనీ తోచలేదు. తన చేతుల్లో పెరిగిన పిల్ల, తన నోటినుంచే జపాలు నేర్చిన పిల్ల, తను క్లాసు చెబుతుండగా, ఆ ఒక్క వరుసలో నిలబడదా? మిగతా పిల్లలందరూ నిలబడి ఇదొక్కటే బెంచీలో కూర్చుంటే తను ఏ మొహంతో గుడికి వెళ్ళేది? నిజం చెప్పాలంటే మొహం సంగతి తరవాత. ఆవిడకు భయం వేసింది. తను పోయాక ఈ పిల్ల కష్టంలో ఎవర్ని పిలుచుకుంటుందా అని భయం వేసింది.

కారణం కోసం వెతికింది. వెతగ్గా వెతగ్గా దొరికింది. చెంపదెబ్బ. చిన్నప్పటినుంచీ ఆ కథ వినీ వినీ పిల్ల జడుసుకుని ఉంటుంది. ష్యూర్ కాదనడమంతా పైకి చెప్పే మాట, లోపల ఉన్నది దెబ్బ భయం. దానికి మందు సాధన. తన చిన్నప్పుడు తాతగారు కూడా ముందురోజు అందరి చెంపలమీదా తాకించి అలవాటు చేశారు.

అలా ఆ శనివారం ఫిలోమినమ్మ క్లాసులో బిషప్‌గారి దెబ్బ గురించి వివరంగా చెప్పింది. ఏడవకూడదు, ఒళ్ళు వెనక్కి లాగకూడదు, ఆమెన్ అనాలి. వర్షను ముందుకు పిలిచి చెంపమీద రెండు వేళ్ళతో తాకించి చూపించింది. వర్ష పైకప్పువైపు చూస్తూ నిలబడింది. తరవాత పిల్లలను ఇద్దరిద్దరుగా నిలబెట్టి, మెల్లగా, భక్తిగా సాధన చెయ్యమంది. మెల్లగా మొదలైంది. భక్తి మాత్రం ఎంతోసేపు నిలవలేదు. ఆ క్లాసు చరిత్రలో పిల్లలు ఇంటికి వెళ్ళమంటే వెళ్ళనన్నది ఆ ఒక్కరోజే.

ఇంటికి వెళ్ళాక, ఇవాళ ఏం నేర్చుకున్నారని తల్లిదండ్రులు అడిగారు. బిషప్ మమ్మల్ని కొడతాడట, మేం ప్రాక్టీస్ చేశాం అని పిల్లలు చెప్పారు. ఆదివారం తెల్లారేసరికి మారిసెల్‌కు ఈమెయిళ్ళు వరస కట్టాయి.

సోమవారం ఆవిడను పిలిపించిన మారిసెల్ కోప్పడలేదు. టీ ఇచ్చి, ఆ దెబ్బ తీసేసి యాభై ఏళ్ళు దాటిందని నెమ్మదిగా చెప్పింది. ఇకమీద క్లాసు తను చూసుకుంటానని కూడా చెప్పింది. ఫిలోమినమ్మ రెండో మాట విననే లేదు.

"తీసేశారా? ఎవరు తీసేశారు? మాకెవరూ చెప్పలేదే," అంది తెలుగులో. మారిసెల్‌కు తెలుగు రాదు గానీ ఆ మాట అర్థమైనట్టే ఉంది, ఆవిడ చెయ్యి పట్టుకుంది. కనీసం చేగోడీలైనా పంపుతానంటే, నువ్వుల ఎలర్జీ ఉన్న పిల్లలుండవచ్చు, వద్దంది.

ఫిలోమినమ్మ ఇంటికి వచ్చి సోఫాలో కూర్చుంది. టీవీ పెట్టలేదు, ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. బాలశౌరి రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. ఆయన దగ్గలేదు. సాయంత్రం వర్ష బడి నుంచి వచ్చి, బూట్లు విప్పి, పక్కన కూర్చుంది. అమ్మమ్మను క్లాసులోంచి తీసేశారని దానికి అప్పటికే తెలుసు.

"అమ్మమ్మా, ఒకటి అడగనా? నీ చిన్నప్పుడు బిషప్‌కి అన్నీ చెప్పావు కదా. అవి నువ్వు బిలీవ్ చేశావా, జస్ట్ మెమొరైజ్ చేశావా?"

ఫిలోమినమ్మ నోరు తెరిచింది. ఇంత వయసు వచ్చాక మొదటిసారి ఒక సత్యోపదేశం ప్రశ్నకు ఆవిడ తడుముకుంది. ఆ ప్రశ్న తాతగారి పుస్తకంలో లేదు.

"బట్టీయే," అంది చివరికి. "ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. గబగబా చెబితే అందరూ మెచ్చుకుంటారని చెప్పాను. ఆ దెబ్బ కూడా విశ్వాసానికి కాదేమోనే. నా వాగుడు ఆపడానికేమో."

వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. బాలశౌరి వింటున్నాడన్నమాట. పెళ్ళైన ఇన్నేళ్ళకు ఆ మాట ఆవిడ నోట విన్నాడు పాపం, చేతులు జారవూ మరి.

ఆ తరవాత ఫిలోమినమ్మ వర్ష పుట్టిన రోజు సంగతి చెప్పింది. కాన్పు కష్టమైంది. స్పందనను లోపలికి తీసుకుపోయారు. ఇంగ్లీషులో డాక్టర్లు చెప్పేది తనకు ఎక్కలేదు. బుర్రలో ఏమీ లేదు, అంతా తెల్లగా అయిపోయింది. నోరు మాత్రం దానంతట అదే మంగళవార్త జపం అందుకుంది. ఎంత గట్టిగా అందుకుందంటే, ఒక నర్సు పరుగున వచ్చి మీకేమైనా అయిందా అని బీపీ చూసింది. చూస్తున్నా ఆపలేదు. "ఎప్పుడో బట్టీపట్టిన మాటలే తల్లీ. ఆ రోజే నాకు వాటి అర్థం తెలిసింది. అంతకుముందు లేదు."

వర్ష అమ్మమ్మవైపు తిరిగి కూర్చుంది. "మరి నాకింకా ష్యూర్‌గా లేకపోతే యెస్ అని ఎందుకు చెప్పాలి?" అంది.

"నాకు తెలీదే," అంది ఫిలోమినమ్మ. అనేసి తనే ఆశ్చర్యపోయింది.

మరునాడు వర్ష ఒక ఒప్పందం తెచ్చింది. కన్ఫర్మేషన్ రోజు వస్తుంది, వరుసలో నిలబడుతుంది. ప్రతి పిల్ల వెనకా పెద్దవాళ్ళొకరు తోడుగా, భుజం మీద చెయ్యి వేసి నిలబడాలి గదా, ఆ తోడు అమ్మమ్మే. కానీ తన వంతు వచ్చినప్పుడు వెళ్ళాలనిపిస్తే వెళుతుంది, లేకపోతే పక్కకు తప్పుకుంటుంది. అమ్మమ్మ తొయ్యకూడదు. "నో పుషింగ్," అని రెండుసార్లు చెప్పింది. ఫిలోమినమ్మ జపమాల పట్టుకుని ఒట్టు పెట్టింది.

ఆ రోజు రానే వచ్చింది. ఫిలోమినమ్మ కంచిపట్టు చీర మీద శీతాకాలపు కోటు వేసుకుని, కోటు విప్పాలా వద్దా అని గుడి చేరేదాకా బాలశౌరిని అడుగుతూనే ఉంది. మారిసెల్ గుమ్మంలో నవ్వుతూ పలకరించింది, కానీ ఆవిడ కళ్ళు ఫిలోమినమ్మ చేతుల మీదే ఉన్నాయి.

బిషప్‌గారు తెల్లజుట్టు పెద్దాయన. ప్రసంగం మధ్యలో పీఠం దిగి పిల్లల దగ్గరికి వచ్చి, పవిత్రాత్మ వరాలు ఎన్నో ఎవరైనా చెబుతారా అని అడిగారు.

యాభై ఏళ్ళుగా ఫిలోమినమ్మ ఎదురుచూసిన ప్రశ్న అది. మళ్ళీ ఒక బిషప్ నోటినుంచి, నాలుగడుగుల దూరంలోంచి వచ్చింది. చేగోడీలు తిని నేర్చుకున్న పిల్లలందరూ గుడినిండా జనాన్ని చూసి బిగుసుకుపోయారు. ఆవిడ గొంతులో ఏడు వరాలూ వచ్చి నిలబడ్డాయి. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. అంత పెద్ద త్యాగం ఆవిడ జీవితంలో ఇంకొకటి చెయ్యలేదు, మీరు నమ్మినా నమ్మకపోయినా.

అప్పుడు వర్ష చెయ్యెత్తింది. ఏడు అని చెప్పి, ఆగి, తనకో ప్రశ్న ఉంది అడగవచ్చా అంది. బిషప్‌గారు అడగమన్నారు. ఇదివరకు కన్ఫర్మేషన్‌లో చెంపమీద కొట్టేవారట, అది ఎందుకు మానేశారు అని అడిగింది.

మారిసెల్ చేతిలో పాటల పుస్తకం కిందపడింది. బెంచీల్లో తల్లిదండ్రులు ఒకరినొకరు చూసుకున్నారు. ఫిలోమినమ్మ కళ్ళు తెరవలేదు.

బిషప్‌గారు చెయ్యి పైకెత్తి తన చెంప తడుముకున్నారు. తనకూ చిన్నప్పుడు తగిలిందని చెప్పారు. దాన్ని తలుచుకుని ఎంత జడిసిపోయారంటే, తీరా తన వంతు వచ్చేసరికి, ఆ రోజు తనకు కొత్తగా పెట్టుకోదలచిన పునీతుడి పేరే మరిచిపోయారట. ఎందుకు మానేశారన్నది మాత్రం, "ఐ డోంట్ నో," అన్నారు. "రోములో నన్నెవరూ అడగలేదు. తెలియనివి ఇంకా చాలా ఉన్నాయి నాకు. అయినా రోజూ ఈ పీఠం ఎక్కుతూనే ఉన్నాను," అని ఇంగ్లీషులోనే చెప్పారు. గుడంతా నవ్వింది.

ఫిలోమినమ్మ నవ్వలేదు. మేత్రాణులవారు తెలీదు అనడం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక వినలేదు. తనూ ఆ సోఫాలో అదే మాట అంది గదా అని గుర్తొచ్చి, ఎందుకో గుండె తేలికైంది.

వరుస కదిలింది. ఒక్కొక్కరే వెళ్ళి నుదుట తైలం పూయించుకుని వస్తున్నారు. ఫిలోమినమ్మ చెయ్యి వర్ష భుజం మీద ఉంది. ఉంది అని పేరేగానీ, తోసినట్టవుతుందన్న భయంతో దాన్ని గాల్లో నిలబెట్టింది. తన భుజం లాగింది, అయినా ఆనించలేదు. ముందున్న నైజీరియా అబ్బాయి పక్కకు జరిగాడు. వర్ష వంతు వచ్చింది.

వర్ష కదల్లేదు.

బిషప్‌గారు ఎదురుచూస్తున్నారు. తోసేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది ఆవిడకు. దాచడమెందుకు, అనిపించింది. చిన్న తోపు, ఎవరికీ కనబడదు. ఆవిడ చెయ్యి ఇంకాస్త పైకి లేపింది.

వర్ష వెనక్కి తిరక్కుండానే చెయ్యి వెనక్కి చాచి, గాల్లో ఉన్న అమ్మమ్మ చేతిని పట్టుకుని తన భుజం మీద పెట్టుకుంది. గట్టిగా ఆనేదాకా నొక్కింది. అప్పుడు ముందుకు అడుగేసింది.

తైలం పూసి, నీకు శాంతి సమాధానం కలుగుగాక అన్నారు బిషప్‌గారు. వర్ష జవాబు చెప్పి, పక్కకు వచ్చి, అమ్మమ్మ వైపు తిరిగింది. నుదురు మెరుస్తోంది. అమ్మమ్మ చేతిని ఇంకా వదల్లేదు. ఆ చేతినే ఎత్తి, మారిసెల్ చూస్తుండగానే, తన చెంపమీద మెల్లగా ఒకసారి కొట్టించుకుంది.

"ఇప్పుడు కంప్లీట్, అమ్మమ్మా," అంది.

ఆ దెబ్బ మొదటి వరుసలోవాళ్ళకు కూడా వినబడలేదు. ఎక్కడో వెనక బెంచీలో బాలశౌరికి మాత్రం దగ్గు వచ్చింది. ఈసారి అది చాలాసేపటిదాకా ఆగలేదు, కళ్ళు కూడా తుడుచుకోవలసి వచ్చింది.